పదో పేరు

మా లోయలో రెండేళ్ల కాలేజీని రెండేళ్లలో ముగించినవాళ్లను చూసినవాళ్లు లేరు. అది ముగిస్తే యూనివర్సిటీలో మూడో ఏట చేరొచ్చు. కానీ పేరుకే రెండేళ్లు. తెల్లవారుతూనే పీచు పళ్ల షెడ్డులోనో, పాల డెయిరీలోనో పని. మధ్యాహ్నం క్లాసు, అదీ దొరికితే. దొరక్కపోతే వచ్చే ఏడు. ఆ మాట ఎంతమందిని మింగిందో లెక్క తీస్తే సగం ఊరు లేచి నిలబడుతుంది. యురీదియా ఒచోవాకి ఈ సంగతి తెలియక కాదు. అన్నీ తెలిసినవాళ్లే గోతిలో ముందు పడతారు, అదేం ఖర్మమో.

యురీదియా నాన్న ఎవరీస్తో బాదం తోటల్లో నీళ్లు కట్టే మనిషి. ఏ మడికి ఎప్పుడు తూము ఎత్తాలో, ఎప్పుడు దించాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పిల్లకి పద్నాలుగేళ్లప్పుడు పెద్ద కాలువ మీది వంతెన దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆ వంతెన కింద పడవ పోయేదట. ఇప్పుడు నీళ్లు వంతెన అడుగును నాకుతున్నాయి. నీళ్లు పెరగలేదు. నేలలోంచి నీళ్లు తోడి తోడి, నేల కుంగి, వంతెనతో సహా ఊళ్లకు ఊళ్లే కిందికి దిగిపోతున్నాయి. "దీన్ని బాగు చేసేవాళ్లు ఎవరూ లేరా అపా?" అని అడిగింది పిల్ల. "ఇంజనీర్లు వస్తారు, కొలుస్తారు, పోతారు. వాళ్లకి మన నేల తెలీదు" అన్నాడాయన. తండ్రిని అపా అనడం మా దగ్గర అలవాటు. ఆ రోజునుంచి యురీదియాకి సివిల్ ఇంజనీరింగ్ పిచ్చి పట్టింది.

పిచ్చి పట్టడం తేలికే, లెక్కలు రావాలి కదా. హైస్కూల్లో అరకొరగా నేర్చుకుని వచ్చిన పిల్లను కాలేజీలో అట్టడుగు మెట్టు మీద కూర్చోబెట్టారు. అక్కడనుంచి ఒక్కో మెట్టే ఎక్కింది. పొద్దున ఐదింటినుంచి ఒంటిగంటదాకా షెడ్డులో బెల్టు పక్కన నిలబడి దెబ్బ తిన్న పళ్లు ఏరడం, ఆ పీచు నూగు మెడకి అంటుకుని దురద పెడుతుండగానే నాన్న పికప్ ట్రక్కులో ఇరవై రెండు మైళ్లు నడుపుకుంటూ క్లాసుకి రావడం. నాలుగేళ్లు ఇదే పని. నాలుగో ఏడు వచ్చేసరికి లెక్కలన్నీ అయిపోయాయి, ఫిజిక్స్ అయిపోయింది, కెమిస్ట్రీ అయిపోయింది. మిగిలింది ఒక్కటే: స్టాటిక్స్. దూలాలూ వంతెనలూ కదలకుండా ఎలా నిలబడతాయో చెప్పే క్లాసు. ఏడాదికి ఒక్కసారి, ఆగస్టులోనే మొదలవుతుంది. పదిమంది పేర్లు రాస్తేనే నడుస్తుంది. తొమ్మిది ఉంటే కొట్టేస్తారు. కిందటేడు తొమ్మిదే.

ఇలా చదువుకునే పిల్లలందరికీ లైబ్రరీ వెనక ఒక గది ఉంది. లెక్కలు రానివాళ్లకి వచ్చినవాళ్లు చెప్పే గది. కిటికీ పక్క బల్ల దగ్గర ఎప్పుడూ ఒకడే కూర్చుంటాడు, బల్తసార్ మొంతాన్యో, అందరికీ బల్తా. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది, కాలేజీలో తొమ్మిదో ఏడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్సిలు. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో, ఏది చెల్లదో, ఎన్ని యూనిట్లు దాటితే ఏ తలుపు మూసుకుంటుందో అన్నీ నోటికే చెబుతాడు. ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే కాలేజీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాలంటే మూడు వారాల ముందు అపాయింట్‌మెంట్ కావాలి. బల్తా దగ్గరికి ఒక బురీతో, అదే మాంసం చుట్టిన రొట్టె, పట్టుకెళ్తే చాలు. అంత తెలిసినవాడు తానెందుకు ఎక్కడికీ పోలేదో అడగాలని ఎవరికీ తట్టలేదు. ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాణ్ని నువ్వెప్పుడు దిగావని అడగం కదా, అదీ అంతే.

ఏప్రిల్ నెలాఖరులో యురీదియాకి కబురు వచ్చింది. కొండలకి అవతల, సముద్రం వైపున్న యూనివర్సిటీ, సివిల్ ఇంజనీరింగ్, మూడో సంవత్సరంలో సీటు. జూన్ ఒకటో తేదీలోగా వస్తావో రావో చెప్పాలి. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో తీపి రొట్టెలు తెచ్చారు. బల్తా మాత్రం ఆమె ఫోను అందుకుని ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. చదివి నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"స్టాటిక్స్ లేకుండా పోతావా?" అన్నాడు.

"అది ఉండి తీరాలని ఇందులో లేదు కదా."

"ఇందులో ఉండదు. అక్కడికెళ్లాక ఉంటుంది. నెతో గుర్తున్నాడా? లేడులే, నువ్వు రాకముందు సంగతి. నీలాగే ఒక క్లాసు వదిలేసి ఎగిరిపోయాడు. అక్కడ పిల్లలందరికీ అది వచ్చు, వీడికి రాదు. మొదటి పరీక్షకే కుదేలయ్యాడు. పదకొండు వారాలు, అంతే. ఇప్పుడు టమాటా లారీ తోలుతున్నాడు. ఒకసారి అక్కడ ఫెయిలయ్యావనుకో, మళ్లీ ఎవడూ తీసుకోడు. ఇక్కడా చోటుండదు, అక్కడా ఉండదు."

తీపి రొట్టె తింటున్న పిల్ల ఒకతి నమలడం ఆపేసింది. తర్వాత బల్తా లేచి బోర్డు మీద ఆగస్టు క్లాసుకి పేర్లు ఇచ్చినవాళ్ల జాబితా చూపించాడు. మొదటి పేరు అతనిదే. మొత్తం తొమ్మిది. పదో అంకె వేసి పక్కన ఖాళీ వదిలాడు. అందరూ యురీదియా వైపు చూశారు. మిగతా ఎనిమిది మంది అలా చూస్తుంటే ఆమె బల్ల మీది ఫోను తీసి జేబులో పెట్టుకుంది. ఆ తొమ్మిదిలో ఐదుగురు కిందటేడు కూడా ఈ క్లాసు కోసమే ఆగినవాళ్లు.

"నువ్వెక్కడికీ అప్లై చెయ్యలేదా ఈసారి?" అని అడిగింది బల్తాను.

"సగం చదువుతో ఎక్కడికి పోతాను? ఈ క్లాసు అయ్యాక చూస్తా" అన్నాడు.

మే మొదటి వారంలో కౌన్సిలర్ కెషిషియన్ గారి దగ్గర సమయం దొరికింది. లావుపాటి కళ్లద్దాలు, బల్ల నిండా కాగితాలు. ఆవిడ ఒక్క నిమిషంలో తేల్చేసింది.

"వెళ్లు. వాళ్లు నీ మార్కులు చూసే పిలిచారు. స్టాటిక్స్ అక్కడే మొదటి టర్ములో తీసుకో."

"ఒక ఏడాది ఆగి వస్తానంటే సీటు ఉంచుతారా మేడమ్?"

"అడిగి చూడు. ఉంచరు. ఎవరికోసమూ ఉంచరు." ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అమ్మాయీ, ఈ కుర్చీలో పద్దెనిమిదేళ్లుగా కూర్చున్నాను. అన్నీ పూర్తిచేసుకుని పోతామన్నవాళ్లు నాకు మళ్లీ మళ్లీ కనిపిస్తూనే ఉన్నారు. అది నాకు సంతోషం కాదు."

ఇంత చెబితే చాలదూ? చాలదు. ఎందుకంటే గదిలో ఒక సామెత లాంటి మాట ఉంది: కౌన్సిలర్ మాట వింటే కొంప మునిగినట్టే. ఎప్పుడో ఎవరికో ఆఫీసులో తప్పు కోర్సు రాసిచ్చారట, ఆ పిల్లాడికి ఏడాది పోయిందట. అంతే, అప్పటినుంచి జీతం తీసుకుని చెప్పేవాళ్ల మాట చెల్లదు, తనలాగే ఇరుక్కున్నవాడి మాట వేదం. ఈ తప్పు మా కాలేజీల్లో తప్ప ఇంకెక్కడా చెయ్యరు. ఈత రానివాళ్లంతా ఒకళ్లనొకళ్లు పట్టుకుని, మనం పట్టుకునే ఉన్నాంలే అని ధైర్యపడటం.

యూనివర్సిటీకి రాసింది. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. సీటు వాయిదా వెయ్యరు. కాదంటే ఖాళీ అయిన చోటు వేరేవాళ్లకి ఇస్తారు. ఆమె మళ్లీ నవంబరులో కొత్తగా అప్లై చేసుకోవాలి, రావచ్చు, రాకపోవచ్చు. ఆ జవాబు బల్తాకి చూపించింది.

"ఇప్పుడు ఇచ్చినవాళ్లు అప్పుడు ఇవ్వరా?" అన్నాడు. "అప్పటికి స్టాటిక్స్ కూడా ఉంటుంది. ఇంకా గట్టి కేసు. నెత్తిన పెట్టుకుని తీసుకుంటారు."

"ఇవ్వకపోతే?"

"ఇస్తార్లే యూరీ. తొందరపడితే బొక్కబోర్లా పడతావ్. వాళ్లకి ఏం చెప్పావు ఇంతకీ? ఇంకా చెప్పలేదా?"

ఆ 'ఇంకా చెప్పలేదా' అన్న మాట ఆ నెలలో చాలాసార్లు వినిపించింది. సోమవారం అడిగాడు. గురువారం పార్కింగ్‌లో ట్రక్కు కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు. ఒకరోజు షెడ్డులో ఆమె బెల్టు పక్కన నిలబడి ఉండగా ఫోనుకి మెసేజ్ పెట్టాడు, ఇంకా తేల్చలేదా అని. నీకెందుకు నాయనా ఇంత ఆత్రం, అని అడగాలని ఆమెకి ఒక్కసారైనా అనిపించలేదు. తనకోసం ఇంత ఆలోచిస్తున్నాడనుకుని మురిసింది కూడా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈ పిల్ల వినడమే కాదు, దండం పెట్టి వింది.

ఇంట్లో నాన్న ఎవరీస్తోని అడిగింది. ఆయన పెరట్లో బావి మోటారు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ వారమే వీధి చివరి ఇంటి బావి ఎండింది. అంతకుముందు నెలలో దాని పక్కది. ఇంకా లోతుకి తవ్వించాలంటే రెండేళ్లు వంతు వేచి ఉండాలి, తవ్వేవాళ్లు దొరకరు. మోటారు ఆన్ చేస్తే మొదట గాలి వచ్చి, దగ్గి, తర్వాత నీళ్లు వచ్చాయి. ఆయన చెవి ఒగ్గి ఆ చప్పుడు విన్నాడు.

"నాకు చదువుల సంగతి తెలీదు బిడ్డా" అన్నాడు చివరికి. "నీళ్లయితే చెప్తా. తూము ఎత్తారంటే కట్టుకోవాలి. రేపు కట్టుకుంటానంటే రేపు నీ వంతు కాదు."

"సగం తయారై వెళ్లి అక్కడ ఫెయిలైతే అపా?"

"మీ గదిలో ఆ పెద్ద పిల్లోడు ఏమంటున్నాడు?"

"ఆగమంటున్నాడు."

ఆయన తల గీరుకున్నాడు. "చదువుకున్నోడు. వాడికి తెలిసుండాలి" అన్నాడు. కూతురు నిర్ణయం చెయ్యమంటే చదువుకున్నవాడి మీదికి తోసేశాడు పాపం. ఆయన తప్పు లేదు. జీవితమంతా ఎవరో ఒకరు చెబితే తూము ఎత్తినవాడే.

జూన్ ఒకటి మధ్యాహ్నం వేడి నూట నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్. గదిలో ఏసీ పాడైతే తలుపు తెరిచి పెట్టారు. బోర్డు మీద పదో అంకె పక్కన ఇంకా ఖాళీయే. యురీదియా కంప్యూటర్ ముందు కూర్చుంది. వస్తాను, రాను: రెండు బటన్లు. ముందురోజు రాత్రినుంచి ఆమెకి అన్నం సహించలేదు. నెతో ఎలా ఉంటాడో తెలియకపోయినా లారీ తోలుతున్న అతని మొహం కళ్లముందు తిరుగుతోంది. చుట్టూ ఉన్న ఎనిమిది మంది చదువుకుంటున్నట్టు నటిస్తున్నారు. బల్తా ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అతని పెన్సిలు కుర్చీ వెన్ను మీద టకటకా కొట్టుకుంటోంది.

"భయంగా ఉంది బల్తా" అంది.

"భయం వెళ్లేవాళ్లకుండాలి. ఉండేవాళ్లకి దేనికి?" అన్నాడు.

ఆమె 'రాను' నొక్కింది. ఖాయమేనా అని అది మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కింది. పెన్సిలు చప్పుడు ఆగిపోయింది. గదిలో ఎవరో ఊపిరి వదిలారు, ఒకమ్మాయి వచ్చి ఆమెని కౌగిలించుకుంది. బోర్డు మీద పదో పేరు యురీదియాయే రాసుకుంది. వెనక్కి తిరిగి చూస్తే బల్తా లేడు. బయట ఎండలో, పార్కింగ్ అంచున నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

జూలై అంతా బల్తా గదికి రాలేదు. అమ్మకి ఒంట్లో బాగోలేదని ఒకసారి, పని ఎక్కువని ఒకసారి కబురు పెట్టాడు. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంటే పిల్లలకి తోచలేదు. కొత్తగా చేరినవాళ్లు కాగితాలు పట్టుకుని వచ్చి, ఆయనెక్కడ అని అడిగి పోయేవాళ్లు. యురీదియా మాత్రం స్టాటిక్స్ పుస్తకం పాతది కొనుక్కుని ముందే మూడు అధ్యాయాలు చదివేసింది. మనసు ఏదో కీడు శంకిస్తూనే ఉంది. కానీ లోపల ఎవరో ఒద్దు ఒద్దంటున్నా చెవులు మూసుకుని లెక్కలు చేసుకుంటూ పోయింది.

ఆగస్టు మొదటి సోమవారం కాలేజీనుంచి మెయిల్ వచ్చింది. స్టాటిక్స్ రద్దు. పేర్లు తొమ్మిది.

షెడ్డులో మధ్యాహ్నం భోజనం వేళ అది చదివింది. బురీతో చేతిలోనే ఉండిపోయింది. ఎవరో పేరు తీసేసుకున్నారు. ఒక్కొక్కళ్లకే ఫోను చేసింది. ఎనిమిది మందీ ఉన్నారు, ఎనిమిది మందీ పేరు తీసిందెవరని ఆమెనే అడిగారు. ఒకతను ఇంక చదువు మానేస్తానన్నాడు. తొమ్మిదో ఫోను బల్తాకి. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేసింది. పాపం, అమ్మకి ఏమైనా అయిందేమో అనుకుంది. చూశారా, అప్పుడు కూడా అలాగే అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అతని ఇంటికి వెళ్లింది. వీధి పొడుగునా ట్రక్కులు ఆగి ఉన్నాయి. పెరట్లోంచి మాంసం కాలుతున్న పొగ, పాటలు. కంచెకి కట్టిన గుడ్డ మీద పెద్ద అక్షరాలతో 'శుభాకాంక్షలు ఇంజనీర్' అని రాసుంది. కింద ఆమె రానన్న యూనివర్సిటీ పేరు. ఆ పేరు చదివి ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. బల్తా చూశాడు. చేతిలో పటకారు పక్కవాడికిచ్చి గబగబా వచ్చి ఆమెని నిమ్మచెట్టు పక్కకి తీసుకెళ్లాడు.

"నేనే చెబుదామనుకున్నా" అన్నాడు.

"ఎప్పుడు అప్లై చేశావ్?"

"నవంబర్లో."

"ఎక్కడికీ చెయ్యలేదన్నావుగా."

"వెయిటింగ్ లిస్టులో పెట్టారు. వెయిటింగ్ లిస్టంటే ఏముంది, ఎక్కడా లేనట్టే. చెప్పుకోడానికి సిగ్గేసింది. ఏటా అప్లై చేస్తూనే ఉన్నా యూరీ, ఏటా కాదంటూనే ఉన్నారు. అది కూడా ఎవరికీ చెప్పలేదు."

"స్టాటిక్స్ లేకుండా ఎలా తీసుకున్నారు?"

అతను నేలకేసి చూశాడు. "అక్కడే తీసుకోమన్నారు. మొదటి టర్ములో."

ఆ మాట కెషిషియన్ గారు అన్న మాటే, అక్షరం తేడా లేదు.

"నీకు ఫోను ఎప్పుడొచ్చింది?"

"జూన్ మూడున."

"ఏ డిపార్ట్‌మెంట్?"

"సివిల్. ఒక్క సీటే ఖాళీ అయిందట."

"నువ్వు నన్ను ఆగమన్నప్పుడు లిస్టులో నీ నంబరెంతో నీకు తెలుసా?"

పెరట్లో ఎవరో అతని పేరు పెట్టి పిలిచారు, అతను చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

"తెలుసు" అన్నాడు.

"ఎంత?"

"ఒకటి."

ఆమెకి అతన్ని లాగి కొట్టాలనిపించింది. నాలుగేళ్ల పీచు నూగు, నాలుగేళ్ల ఇరవై రెండు మైళ్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. అబద్ధం చెప్పినా బాగుండేది, కనీసం తిట్టడానికి నోరు వచ్చేది. "నేను నమ్మే చెప్పాను యూరీ, ఒట్టు. సగం నమ్మే చెప్పాను" అంటున్నాడతను. "నాకు ముప్పై ఒకటి. ఇంకెన్నాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోను? నీకు ఇరవై రెండే. నీకు మళ్లీ వస్తుంది." ఆ జాలి ఆమెకి అక్కర్లేదు.

అంతలో బల్తా తల్లి దోన్యా చాయో పళ్లెం పట్టుకుని వచ్చింది. పెద్దావిడల్ని మా దగ్గర దోన్యా అంటాం. పొట్టి మనిషి, ద్రాక్ష తోటల్లో వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది. పళ్లెంలో మాంసం, చిక్కుడు గింజలు, వేడివేడి తోర్తియా రొట్టెలు. కళ్లు ఏడ్చి ఎర్రగా ఉన్నాయి, సంతోషంతో.

"నువ్వేనా తల్లీ యురీదియావి? ఇన్నాళ్లూ నీ మాటే చెప్తున్నాడు మావాడు. తొమ్మిదేళ్లు నా కొడుకు ఎక్కడికీ పోడని ఊరంతా ఎగతాళి చేశారు. దేవుడు ఇప్పటికి కరుణించాడు. తిను, తిను, బక్కగా ఉన్నావు."

"దోన్యా చాయో," అంది యురీదియా. "ఆ సీటు నాదండీ."

ముసలావిడ ఒక క్షణం కొడుకు వంక చూసింది, మళ్లీ పిల్ల వంక చూసింది. ఆవిడకి అర్థమైందో లేదో తెలియదు. పళ్లెం ఆమె చేతుల్లో పెట్టి, రెండు అరచేతులతో ఆమె చెంపలు నిమిరింది.

"ఎవరిదైతే ఏముంది తల్లీ," అంది, "మనవాడే కదా వెళ్తున్నాడు."

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. బల్తా మొహం పక్కకి తిప్పుకున్నాడు. మా వాళ్లలో పెద్దవాళ్లు చేతికిచ్చిన తిండి వద్దనకూడదు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. యురీదియా కూర్చుంది. దోన్యా చాయో ఎదురుగా నిలబడి చూస్తుంటే, తోర్తియా తుంచి నోట్లో పెట్టుకుంది.